అత్త ఫోటోలు తీసేసిన రోజు: గుడియాత్తం లుంగీ చేతులు మారిన కథ

ఇది కాస్త పొడుగు పోస్టు. భోజనమయ్యాక తీరిగ్గా చదవండి.

మన సంఘం వాట్సాప్ గ్రూపులో వ్యాపార ప్రకటనలు పెట్టకూడదని ఒక నియమం ఉంది. అది రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పోయిన నెల గుడియాత్తం నుంచి మా మేనత్త ఆరు లుంగీల ఫోటోలు తీసి, ఒక్కోదాని కింద ధర రాసి, గ్రూపులో పెట్టింది. పెళ్లి పత్రికలు, సంతాపాలు, పొద్దున్నే పూలగుత్తులు వచ్చే చోట ఈ లుంగీలేంటని ఒకాయన విసుక్కున్నాడు. నేను అడ్మిన్‌ని కదా, తీసేశాను. సాయంత్రం అత్త ఫోన్ చేసింది. కోపంగా ఏమీ అనలేదు. "ఏం నాయనా, మీ తాత మోసిన మూట నీకు బరువైందా?" అంది, అంతే.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ మూట ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో ఒకసారి వరసగా రాసుకుందామని కూర్చున్నాను. రాస్తూ పోతే ఇంత అయింది.

మన పిల్లలకు చాలామందికి తెలియదు గానీ, 1911 దాకా చిత్తూరు, వేలూరు ఒకే జిల్లా. ఉత్తర ఆర్కాటు జిల్లా కచేరీ చిత్తూరులోనే ఉండేది. ఆ ఏడు చిత్తూరు జిల్లా వేరుపడ్డాక జిల్లా కేంద్రం వేలూరుకు వచ్చింది. మన పెద్దవాళ్లు ఈ ఊరిని రాయవేలూరనే అనేవాళ్లు, ఇప్పటికీ పలమనేరు వైపు ముసలివాళ్లు అంటారు. గుడియాత్తం ఆ రెంటికీ మధ్య, కౌండిన్య నది ఒడ్డున ఉన్న ఊరు. నది చిత్తూరు కొండల్లోంచి దిగి వస్తుంది, మన మాట కూడా అట్లానే దిగి వచ్చింది. ఊరికి మూడు కూళ్లు: మగ్గం, అగ్గిపెట్టె, బీడీ. కామరాజ్ ముఖ్యమంత్రి అయిన 1954లో ఉప ఎన్నికకు నిలబడి గెలిచింది ఈ గుడియాత్తంలోనే. బయటి ఊళ్లవాళ్లకు గుడియాత్తమంటే ముందు గుర్తొచ్చేది మాత్రం లుంగీ.

మా తాత గుంత మగ్గం మీద లుంగీ నేసేవాడు. నూలు షావుకారుది, రంగు షావుకారుది, గళ్ల లెక్క కూడా షావుకారు చెప్పిందే. తాతది చేయి, కాలు, నడుము. పేక వేసి, బారు తెగ్గోసి, మడిచి తీసుకెళ్లి ఇస్తే కూలి వచ్చేది. ఆ గుడ్డ ఎవరు కట్టుకుంటారో ఆయనకు తెలియదు. ఈ చుట్టుపక్కల నేసిన కైలీలు మద్రాసు రేవు నుంచి బర్మాకు, మలయాకు, సింగపూరుకు ఓడల్లో పోయేవి. "రంగూన్లో ఎవడో నా లుంగీ కట్టుకుని తిరుగుతుంటాడు, వాడి మొహం ఎట్లా ఉంటుందో" అని తాత నవ్వుతూ అనేవాడట. ఆ నవ్వులో ఒక బాధ కూడా ఉండేదని అత్త చెబుతుంది.

ఆ మొహం, ఆ చిరునామా తెలిసినవాడిదే లాభం. ఈ రాత మొత్తం ఆ చిరునామా చుట్టూనే తిరుగుతుంది.

దక్షిణాదిలో మొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి మన వాలాజా రోడ్డుకే వచ్చింది. రైలు వచ్చాక మూటలు త్వరగా కదిలాయి, కానీ చిరునామా షావుకారు దగ్గరే ఉండిపోయింది. దాన్ని కొంచెం కదిలించింది పోస్టాఫీసు. 1877లో మన దేశంలో వీపీపీ మొదలైంది. వస్తువును పార్సెల్ కట్టి పంపితే, పోస్ట్‌మన్ కొన్నవాడి ఇంటికెళ్లి డబ్బు తీసుకుని పార్సెల్ చేతికిస్తాడు, ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. 1880 నుంచి మనియార్డర్లు పోస్టాఫీసు చేతికి వచ్చాయి కాబట్టి ఇదంతా ఒకే గడప దగ్గర జరిగిపోయేది. ఇప్పుడు పిల్లలు క్యాష్ ఆన్ డెలివరీ అని కొత్తగా చెబుతున్నదంతా అదే. గడియారాలు, పుస్తకాలు, మందులు, బట్టలు, అన్నీ కేటలాగు చూసి కార్డు ముక్క రాసి తెప్పించుకున్నారు మన ముత్తాతలు. మొహం చూడకుండా కొనడం ఫోనుతో పుట్టిన అలవాటు కాదు.

అయితే కేటలాగు అచ్చు వేయించాలంటే డబ్బు కావాలి, కార్డు రాయాలంటే చదువు కావాలి. తాతకు రెండూ లేవు. కూలి నేత కాక సొంతంగా నాలుగు బారలు నేసుకున్నప్పుడు మూట కట్టుకుని రైలెక్కి కాట్పాడిలో దిగి, చిత్తూరు సంతకో వేలూరు వీధులకో పోయేవాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మాట నేను మొదట విన్నది ఆయన నోటే. సాయంత్రానికి అమ్ముడుపోకపోతే తిరుగు రైలు చార్జీ కోసం సగం ధరకు ఇచ్చేసి వచ్చేవాడు.

ఇక్కడ ఒక పక్కదారి కథ చెప్పాలి, ఎందుకంటే దానికీ అత్త ఫోటోలకూ సంబంధం ఉంది. మద్రాసు గళ్ల గుడ్డ అమెరికా వెళ్లిన కథ ఇది. 1958లో విలియం జాకబ్సన్ అనే అమెరికా వస్త్ర వ్యాపారి మన దేశం వచ్చి, కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ దగ్గర, తర్వాత లీలా హోటళ్లు పెట్టింది ఆయనే, గజం ఒక డాలరు లెక్కన పదివేల గజాలు కొన్నాడని చెబుతారు. రంగు దిగుతుంది, చన్నీళ్లలో మెల్లగా విడిగా ఉతకాలి అని నాయర్ ముందే చెప్పాడట. ఆ మాట బ్రూక్స్ బ్రదర్స్ దుకాణంలో చొక్కా కొన్నవాడిదాకా చేరలేదు. వాళ్లు మిషన్లో వేశారు, రంగు కారింది, మిగతా బట్టలన్నీ పాడయ్యాయి, కోర్టు మాటలు వచ్చాయి. అప్పుడు ఒక పత్రికలో కథనం వేయించి, ఉతికిన ప్రతిసారీ కొత్త రంగు తేలే గుడ్డ ఇదని చెప్పారట. తిట్టినవాళ్లే ఎగబడి కొన్నారట. ఆ గుడ్డకు "రంగు కారే మద్రాస్" అనే పేరే నిలిచిపోయింది. అమ్మకంలో గుడ్డ ఒక ఎత్తయితే, గుడ్డ గురించి చెప్పే మాట ఇంకో ఎత్తు. ఆ మాట చెప్పే అవకాశం నేసినవాడికి ఎన్నడూ దక్కలేదు.

టెలిఫోను సంగతి త్వరగా దాటేస్తాను. ఎస్‌టీడీ బూత్ రోజుల్లో మా నాన్న రాత్రి చార్జీ తగ్గేదాకా వరసలో నిలబడి చెన్నై అంగడికి ఆర్డరు అడిగేవాడు. 2003 మేలో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక చిన్నవాళ్ల చేతికీ సెల్ వచ్చింది, మిస్డ్ కాల్ మీదే సగం వ్యాపారం నడిచింది. ఉత్తర కేరళ తీరంలో కవళ్లు పట్టే జాలర్ల చేతికి 1997 తర్వాత సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు ఏం జరిగిందో రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త 2007లో రాశాడు. పడవ ఒడ్డుకు చేరకముందే ఏ రేవులో ఎంత ధర ఉందో తెలియడంతో రేవుకో ధర ఉండే తేడా తగ్గిపోయింది, చేపలు పారబోయడం ఆగిపోయింది. ధర తెలియడం వేరు, కొనేవాడు తెలియడం వేరు. రెండోది మనదాకా రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఫేస్‌బుక్ 2004లో ఒక అమెరికా కాలేజీ పిల్లల కోసం పుట్టింది. 2006లో అందరికీ తలుపు తీసింది, 2007లో వ్యాపారాలకు పేజీలు ఇచ్చింది. వాట్సాప్ 2009లో వేరే ఇద్దరు పెట్టిన సంస్థ, పేర్లు జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్. 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను, 2014లో వాట్సాప్‌ను ఫేస్‌బుక్ కొనేసింది. రెండోదానికి 1900 కోట్ల డాలర్లు ఒప్పుకుందని పేపర్లో చదివినప్పుడు, మెసేజులు పంపే యాప్‌కు అంత ఎందుకని నేనే నవ్వాను. అందులో ఉన్నది మెసేజులు కాదు, కోట్ల మంది ఫోను నంబర్లని అప్పుడు తోచలేదు. షావుకారు దస్త్రం పుస్తకమే, కాస్త పెద్దది.

2015 ఆగస్టు 7న మొదటి జాతీయ చేనేత దినోత్సవం మన చెన్నైలోనే జరిగింది. 1905లో అదే తేదీన స్వదేశీ ఉద్యమం మొదలైందని ఆ రోజును ఎంచారు. మరుసటి ఏడు చేనేత కట్టి ఫోటో పెట్టడం దేశమంతా ఒక ఊపు ఊపింది. మన గ్రూపుల్లోనూ ఆడవాళ్లు చీరల ఫోటోలు పెట్టారు. మగ్గం ముందు కూర్చున్నవాళ్ల ఫోటోలు మాత్రం తక్కువే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ ఫోటోలు అరుగుల మీదికి దిగాయి. నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాక డబ్బు కూడా ఫోనులోకి దిగింది.

మా మామ పోయింది ఆ మరుసటి ఏడు. ఇంట్లో ఒక మగ్గం, షావుకారు దగ్గర కొంత బాకీ, పెళ్లి కావలసిన పిల్ల. అత్తకు నేత వచ్చు, అమ్మడం రాదు. పిల్ల చేసిన మొదటి పని అమ్మకు ఫేస్‌బుక్ పేజీ పెట్టడం. లైకులు బాగానే వచ్చాయి, ఎక్కువ మన బంధువులవే. లుంగీలు కొన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన పద్ధతి మార్చి, పేజీల పోస్టులకన్నా స్నేహితులు, బంధువుల పోస్టులే ముందు చూపిస్తామని ప్రకటించింది. చిన్న పేజీలవాళ్లు డబ్బు కడితేనే నలుగురికి కనబడే కాలం వచ్చింది. నా మాటగా చెబుతున్నాను, పేజీ అద్దె ఇల్లు లాంటిది. గోడలకు ఎంత సున్నం కొట్టినా ఇల్లు మనది కాదు.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ జనవరిలోనే వాట్సాప్ బిజినెస్ యాప్ మన దేశానికి వచ్చింది. ఉచితం. అంగడి పేరు, చిరునామా, తెరిచే వేళలు పెట్టుకోవచ్చు. ఎవరైనా రాస్తే వెంటనే నమస్కారం చెప్పే జవాబు పెట్టుకోవచ్చు. మాటిమాటికీ అడిగే ప్రశ్నలకు జవాబు ముందే రాసి ఉంచుకోవచ్చు. ఒక్కో కొనుగోలుదారుకు ఒక్కో రంగు చీటీ తగిలించుకోవచ్చు. 2019 నవంబరులో కేటలాగు కూడా చేర్చారు, ఫోటో, ధర, వివరం ఒకేచోట. ముత్తాతల వీపీపీ కేటలాగు అచ్చు ఖర్చు లేకుండా అరుగు మీదికి వచ్చిందన్నమాట.

అత్త చీటీలు చూస్తే నవ్వొస్తుంది. "బాకీ", "మంచివాళ్లు", "బేరం", "ఆస్పత్రి". ఈ నాలుగోది మన వేలూరు ప్రత్యేకం. సీఎంసీ ఆస్పత్రికి బెంగాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి వారాల తరబడి లాడ్జీల్లో ఉండేవాళ్లు మీకు తెలుసు. మన అంగళ్లవాళ్లు బెంగాలీ నేర్చుకున్నదే వాళ్ల వల్ల. అత్త మొదట్లో నాలుగు లుంగీలు సంచిలో వేసుకుని ఆ వీధుల్లోకి వచ్చేది. ఒకసారి రోగికి తోడు వచ్చిన ఒక పెద్దాయన రెండు కొని, ఊరికెళ్లాక ఇంకా కావాలని మెసేజ్ పెట్టాడు. ఆయన తమ్ముడు అడిగాడు, తర్వాత వాళ్ల వీధిలో అంగడివాడు అడిగాడు. ఇప్పుడు బెంగాల్లో ఆమెకు వరసగా కొనే ఇళ్లు ఉన్నాయి. తాత మొహం చూడాలనుకున్న మనిషి కట్టుకున్న లుంగీతో ఫోటో తీసి మా అత్తకు పంపిస్తున్నాడు.

అంతా తేనె అని చెప్పడం లేదు. ఫోనులో రంగు నిలకడగా ఉండదు. మధ్యాహ్నం ఎండలో తీస్తే ఎరుపు నారింజ అవుతుంది, ట్యూబులైటు కింద నీలం ఆకుపచ్చ అవుతుంది. తిరిగి వచ్చిన పార్సెల్ రానుపోను ఖర్చు ఒక లుంగీ లాభాన్ని మింగేస్తుంది. అందుకని అత్త పొద్దున తొమ్మిది గంటలకు, నేరుగా ఎండ తగలని అరుగు మీద, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తుంది. కాగితం తెల్లగా కనిపిస్తేనే లుంగీ రంగు నిజమని లెక్క. మొదటిసారి ఉప్పు నీళ్లలో నానబెట్టి విడిగా ఉతకండి అని ప్రతి పార్సెల్లో చీటీ పెడుతుంది. మద్రాసు గళ్ల కథ ఆమెకు తెలియదు, చెప్పింది నేనే. "ఆ చీటీ పెట్టి ఉంటే సరిపోయేది కదా" అంది.

ఇంకో చిక్కు, మరమగ్గం గుడ్డను చేనేతని అమ్మడం. 1985 చట్టం ప్రకారం చేనేతకే కేటాయించిన 11 రకాల్లో లుంగీ కూడా ఉంది, 2006 నుంచి చేనేత ముద్ర ఉంది. అయినా ఫోటోలో ఏది చేతిదో ఏది మిషన్‌దో ఎవరు కనిపెట్టగలరు? అత్త మగ్గం ఒక్కటే కాబట్టి పొరుగువాళ్ల మరమగ్గం సరుకు కూడా అమ్ముతుంది. కానీ ఏది ఏదో రాసి, ధర వేరుగా పెడుతుంది. మనలోనే కొందరు అలా రాయడం లేదు, పేర్లు ఎందుకులెండి.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పడింది. రంజాన్ అమ్మకాలు పోయాయి, మే నెలలో గంగమ్మ శిరస్సు జాతర కళ తప్పింది, షావుకార్లు నూలివ్వడం ఆపారు, మగ్గాలు ఆగాయి. కొన్ని వారాలు పార్సెళ్లు కూడా కదల్లేదు. అత్త ఆ రోజుల్లో చేసిందల్లా తన దగ్గరున్న నంబర్లన్నిటికీ బాగున్నారా అని రాయడం. అమ్మడానికి కాదు, నిజంగానే అడిగింది. జూలైలో దారులు కాస్త తెరుచుకున్నప్పుడు ఆ జవాబుల్లోంచే ఆర్డర్లు వచ్చాయి. టిక్‌టాక్ ఆ జూన్ ఆఖరులో నిషేధమైంది, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. మగ్గం ఆడే చప్పుడుతో పిల్ల తీసిన రీల్ చాలామంది చూశారు. చూసినవాళ్లు వేరు, కొన్నవాళ్లు వేరని అత్త ఇప్పటికీ అంటుంది.

2021 అక్టోబరు 4 రాత్రి గుర్తుందా? ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ప్రపంచమంతా దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. మూడు అంగళ్ల తాళంచెవులు ఒకే గుత్తిలో ఉంటే ఏమవుతుందో లోకానికి ఆ రాత్రి తెలిసింది. అత్త దగ్గర ముందునుంచీ నలభై పేజీల నోటు పుస్తకం ఉంది. ప్రతి కొనుగోలుదారు పేరు, నంబరు, ఊరు, నచ్చే గళ్లు అందులో పెన్నుతో రాసి ఉంటాయి. మీరూ అలా రాసుకోండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితాకు పంపితే, మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. అందుకే ఆమె ప్రతి పార్సెల్ మీదా "నా నంబరు పేరుతో దాచుకోండి" అని రాస్తుంది.

ఇక నా తెలివి గురించి. రెండేళ్ల కిందట తెలిసినవాళ్ల నంబరు నుంచే నాకొక మెసేజ్ వచ్చింది, పొరపాటున నీకొక ఆరంకెల కోడ్ వచ్చింది పంపు అని. పంపాను. పది నిమిషాల్లో నా వాట్సాప్ ఇంకెవరి చేతికో పోయింది, నా పేరుతో మన గ్రూపులో డబ్బు అడిగారు. ఇద్దరు పంపారు కూడా. వాళ్లకు నేను తిరిగి ఇచ్చుకున్నాను. అలాంటిది జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలని అప్పుడు నాకు తెలియదు. యాప్ సెట్టింగుల్లో రెండంచెల పిన్ పెట్టుకోమని నాకు నేర్పింది ఎవరో చెప్పక్కర్లేదు కదా. ఆమె ఫోటోలు తీసేసిన అడ్మిన్ ఈయనే.

మన నియమం ఊరికే పుట్టలేదని కూడా చెప్పాలి. ఒకప్పుడు గ్రూపు నిండా సన్నబడే పొడులు, గొలుసుకట్టు స్కీములు, ఊరూపేరూ లేని చిట్లు పడ్డాయి. మనవాళ్లు నష్టపోయారు కాబట్టే తలుపు వేశాం. కానీ మన వార్షిక సంచిక తీసి చూడండి. వెనక పేజీలన్నీ సభ్యుల అంగళ్ల ప్రకటనలే, ఆ డబ్బుతోనే పిల్లల బహుమతులు ఇస్తున్నాం. పూర్తి పేజీకి డబ్బు కట్టగలిగిన నగల అంగడివాళ్లకు ఉన్న చోటు, ఆరు లుంగీల అత్తకు ఎందుకు లేదు? సంఘం దగ్గర ఉన్నది కూడా చిరునామాల పుస్తకమే.

వచ్చే సమావేశంలో నేను అడగబోయేది ఇది. అసలు గ్రూపును అలాగే ఉంచుదాం. వాట్సాప్ కమ్యూనిటీ కింద "అంగడి" అని ఇంకో గ్రూపు పెడదాం, ఇష్టమున్నవాళ్లే చేరతారు. సభ్యులు తాము చేసింది, లేదా తమ అంగట్లో ఉన్నదే పెట్టాలి. ధర రాయాలి, చేతిదా మిషన్‌దా రాయాలి. చిట్లు, అప్పులు, డిపాజిట్లు, చేర్పిస్తే కమీషన్లు వద్దు. ముందుగా డబ్బు తీసుకుని సరుకు పంపనివాళ్లను ఎవరైనా సరే తీసేద్దాం, నా బంధువులైనా సరే. అభ్యంతరాలుంటే కింద రాయండి, ఫోన్ చేసి తిట్టినా సరే.

నిన్న అత్తకు ఫోన్ చేసి ఆ ఆరు ఫోటోలు మళ్లీ పంపమన్నాను. నాలుగు అప్పుడే అమ్ముడుపోయాయట. మిగిలిన రెంట్లో ఒకటి నీలం గళ్లది, ఫోటోలో ఆకుపచ్చగా పడిందని పక్కన పెట్టింది. రేపు తొమ్మిదింటికి మళ్లీ తీస్తానంది.